మేకు లేని గోడ

"కోపం పూర్తిగా చల్లారాక మాట్లాడాలా గురువుగారూ, మాట్లాడితేనే చల్లారుతుందా?" అని అలివేలు అడిగినప్పుడు వీరభద్రాచారిగారు తలెత్తకుండా ఉలి నూరుకుంటున్నారు. అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ఏదో ఒక పని పురమాయిస్తారు, అంతే.

పెడనలో మూతపడ్డ బియ్యం మిల్లు గోదామును అద్దెకు తీసుకుని ఆయన ఇద్దరు శిష్యులతో కలంకారీ పని నడుపుతున్నారు. పాండురంగం టేకు చెక్క మీద అచ్చులు చెక్కుతాడు. అలివేలు ఆ అచ్చులను రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతుంది. వయసులో పెద్దవాడని అతన్ని మొదటినుంచీ అన్నయ్యా అనే పిలిచేది. ఒకనాడు అతను కిటికీ దగ్గర చెక్క కోస్తుండగా గాలి తిరిగింది. రంపపు పొట్టంతా వచ్చి, అప్పుడే అద్దకం పూర్తయిన పెళ్ళిచీర మీద పడి, తడి రంగుకు అంటుకుపోయింది. అలివేలు ఎంతో మనసు పెట్టి చేసిన చీర అది. "చెయ్యి మంచిదైతే సరిపోయిందా? కళ్ళు కూడా ఉండాలి" అనేసింది, సరుకు చూడవచ్చినవాళ్ళ ముందే. పాండురంగం రంపం పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. ఆనాటినుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

గురువుగారు ఉలి అంచును వేలితో చూసుకుని, "ముందు మీ ఇద్దరి మధ్య ఒక గోడ పెట్టుకోండి. పొట్టు ఇటు రాకుండా ఉంటుంది" అన్నారు.

తను అడిగిందేమిటి, ఈయన చెప్పిందేమిటి అనుకుంది అలివేలు. అయినా ఇకమీదట పాండురంగం మొహం చూడక్కర్లేదు కదా అని ఆ మాట ఒకందుకు నచ్చింది కూడా.

గోడల్లో గానీ నేలలో గానీ ఒక్క మేకు దిగడానికి వీల్లేదని గోదాము యజమానురాలు అద్దెకిచ్చేటప్పుడే చెప్పింది. అందుకని పాండురంగం దూలం ఎత్తుకంటే కాస్త తక్కువగా సరుగుడు గుంజలు కోసి, వాటికి ప్లైవుడ్ షీట్లు బిగించి, నిలబెట్టాడు. ఒక్కొక్క గుంజ అడుగున, ఏటవాలుగా చెక్కిన రెండేసి చెక్కముక్కలు ఎదురెదురుగా దూర్చాడు. చెరోవైపు నుంచీ సుత్తితో కొడితే ఆ ముక్కలు ఒకదానిమీదికొకటి ఎక్కి, గుంజను పైకెత్తి దూలానికి బిగించేస్తాయి. మనుషులు తిరగడానికి చివర తలుపంత సందు వదిలాడు. ఒక సుత్తి తెచ్చి, మాట్లాడకుండా అలివేలు ముందు పెట్టి, తన వైపుకు వెళ్ళిపోయాడు.

అతను అటునుంచి కసిగా కొట్టాడు. గుంజ ఇటు జరిగింది. అలివేలు ఇటునుంచి అంతకంటే గట్టిగా కొట్టింది. అటు జరిగింది. గురువుగారు గుడ్డల మూట మీద కూర్చుని టీ తాగుతూ చూస్తున్నారు. మళ్ళీ అటునుంచి దెబ్బ పడేసరికి గుంజ జారి, గోడ మొత్తం అలివేలు మీదికి వాలింది. రెండు చేతులతో ఆపింది గానీ బరువు ఇంకా మీదికే వస్తోంది.

"అన్నయ్యా! పట్టుకో!"

పాండురంగం సుత్తి పారేసి, సందులోంచి పరుగున వచ్చి భుజం ఆనించాడు. గోడను మళ్ళీ నిలువుకు తెచ్చాక, "తగిలిందా?" అన్నాడు.

"లేదు. నువ్వు అటు వెళ్ళు. నేనో దెబ్బ వేసి చెప్తా, అప్పుడు నువ్వో దెబ్బ. ఇందాకట్లా కాదు, మెల్లిగా."

"కొట్టావా?"

"కొట్టా. ఇప్పుడు నువ్వు."

"చాలా?"

"ఇంకాస్త."

ఒక్కొక్క గుంజే దూలాన్ని కరుచుకుంది. ఆఖరి గుంజ దగ్గరికొచ్చేసరికి అటువైపు సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"అలివేలూ," అన్నాడు పాండురంగం గోడవతలినుంచి. "ఆ రోజు గాలి తిరగడం నేను చూశాను. ఇంకొక్క కోతే కదా అని ఆపలేదు."

అలివేలు సుత్తి దించి ప్లైవుడ్ వైపు చూసింది. మొహం మొహం చూసుకుంటూ ఉంటే ఆ మాట అతని నోట వచ్చేదో లేదో, వచ్చినా తను వినేదో లేదో.

"నలుగురిలో ఆ మాట నేనూ అనకుండా ఉండాల్సింది" అంది. తరవాత గుంజను చేత్తో ఊపి చూసి, "కొట్టు అన్నయ్యా, ఇంకా వదులుగానే ఉంది" అంది.

మర్నాటినుంచి అటు రంపం, ఇటు అద్దకం ఒకేసారి సాగాయి. గుడ్డ మీద ఒక్క రేణువు పడలేదు. టీ వచ్చినప్పుడల్లా అలివేలు ప్లైవుడ్ మీద వేళ్ళతో తట్టేది. అతను అటునుంచి ఏదో వేళాకోళం ఆడేవాడు, ఈమె పకపకా నవ్వేది. ఒక సాయంత్రం ఆమె గురువుగారి దగ్గరికి వెళ్ళి అడిగింది:

"మేం ఇప్పుడు బాగానే ఉన్నాం కదండీ. ఇక ఆ గోడ తీసేద్దామా?"

వీరభద్రాచారిగారు లేచివెళ్ళి గుంజను ఒకసారి ఊపి చూశారు. అది కదల్లేదు.

"ఉండనీ అమ్మా, దాని పని అది చేస్తోంది. ఎండలు ముదిరితే చెక్క ఎండి వదులవుతుంది. అప్పుడు మాత్రం ఒక్కరే బిగించబోకండి."