నాంచారమ్మ పెట్ట పొదిగిన పిల్లలు

అనగనగా, కోళ్లు కూడా మనుషులతో మాట్లాడే రోజుల్లో, ఏటి గట్టున ఒక ఊరు. ఆ ఊళ్లో నాంచారమ్మ, బైరాగి అనే ఆలుమగలు వెదురు గంపలు అల్లుకుని బతికేవారు.

నాంచారమ్మకు ఒకటే కోరిక. పెరట్లో ఒక కోడిపెట్ట తిరుగుతూ ఉండాలి.

"ఒక్కటంటే ఒక్కటే," అన్నాడు బైరాగి. "రెండోది వచ్చిందంటే నేను గంప కింద పడుకోవాలి."

ఆమె సంతలో ఒక ఎర్రపెట్టను కొని తెచ్చింది. కొన్నాళ్లకు అది కనిపించకుండా పోయింది. పిల్లి ఎత్తుకుపోయిందని నాంచారమ్మ కన్నీళ్లు పెట్టుకుంది.

ఒక పొద్దున వెదురు పొట్టు కుప్ప వెనకనుంచి పెట్ట ఠీవిగా బయటికి వచ్చింది. దాని వెనక పిల్లలు. ఆ వెనక పిల్లలు. ఇంకా పిల్లలు.

బైరాగి తల పట్టుకున్నాడు. నాంచారమ్మకు మాత్రం పండగే. నూకలు చల్లింది. గద్ద నీడ పడితే చేట ఎత్తి తరిమింది. కన్నబిడ్డల్లా సాకింది.

ఈకలు వచ్చాక వాటి రూపులు తేలాయి. కొన్ని తల్లిలా ఎర్రవి. కొన్నిటికి మెడ బోడి. బోడిమెడ కోళ్లు గానుగ సూరయ్య ఇంట తప్ప ఊళ్లో లేవు. కొన్నిటికి నెత్తిన జుట్టు. అవి కుమ్మరి చిట్టెమ్మ కోళ్ల పోలిక. కొన్ని కాకి నలుపు. అవి జాలరి పోలయ్య ఇంటివి.

నాంచారమ్మ చేతిలో చేట ఆగిపోయింది. మెత్తటి పొట్టు చూసి ఇరుగుపొరుగు పెట్టలు కూడా అక్కడే గుడ్లు పెట్టి పోయాయన్నమాట.

"నోరు మెదపకు. వాళ్లు అడగలేదుగా," అన్నాడు బైరాగి.

"అడిగాక చెబితే అది చెప్పడం కాదు, దొరికిపోవడం," అంది నాంచారమ్మ. పెంచిన మంద అంతా పోతుందేమోనని బెంగగా ఉన్నా, మూడిళ్లకూ వెళ్లి చెప్పింది.

ముగ్గురూ వచ్చారు.

"బోడిమెడవన్నీ నావే," అన్నాడు సూరయ్య.

"జుట్టువి మావి. గుడ్లు పెట్టడం లేదని మా పెట్టను ఎంత తిట్టానో పాపం," అంది చిట్టెమ్మ.

"నల్లవి నావి. ఆ ఎర్రవాటిలో కూడా మావి ఉండవని ఏమిటి?" అన్నాడు పోలయ్య.

మాటా మాటా పెరిగింది. చివరికి ఎర్రపెట్టనే అడిగారు. "నువ్వే చెప్పు. ఏ గుడ్డు ఎవరిది?"

పెట్ట రెక్కలు విదిల్చింది. "నేను చూడలేదయ్యా. చల్లగా తగిలినవన్నీ పొట్ట కిందికి లాక్కున్నాను."

చిట్టెమ్మకు నవ్వు వచ్చింది.

"సూరయ్య బావా, పెట్టను వాటాకిస్తే ఆనవాయితీ ఏమిటి? పిల్లల్లో సగం ఇచ్చినవాళ్లకు, సగం సాకినవాళ్లకు. మన పెట్టలు మనల్ని అడక్కుండానే తమను తాము వాటాకిచ్చుకున్నాయి."

"నిజమే. నాంచారమ్మ చెప్పకపోతే మనకు ఈ సగం కూడా లేదు," అన్నాడు సూరయ్య. పోలయ్య తలాడించాడు.

అలాగే పంచుకున్నారు. పెట్టలు గుడ్లు పెట్టుకునేందుకు నాంచారమ్మ ఇంటికొక కొత్త గంప కూడా ఇచ్చింది.

మళ్లీ గుడ్ల కాలం వచ్చింది. మూడిళ్ల పెట్టలూ ఆ కొత్త గంపలను దాటుకుని నేరుగా నాంచారమ్మ పొట్టు కుప్పకే నడిచాయి. ఈసారి వాటి వెనక యజమానులు నూకల మూటలతో వచ్చారు. "సగం నీకు, సగం మాకు," అన్నారు. పెరడు నిండింది. అరుగు నిండింది. బైరాగి మంచం మీద కూడా కోళ్లెక్కాయి. అన్న మాట ప్రకారం అతను తనకోసం ఒక పెద్ద గంప అల్లుకున్నాడు.

కాబట్టి పిల్లలూ, పరుల సొమ్ము తనంతట తానే మన పెరట్లోకి నడిచివచ్చినా వాళ్లు అడగకముందే చెప్పాలి. అలా చెప్పిన ఇంటినే నలుగురూ నమ్ముతారు.