చిలకలేటి తిట్లు

కేదారయ్య గారి దగ్గరికి ప్రశ్నతో వెళ్ళినవాడు పనితో తిరిగివచ్చేవాడు. మోక్షమంటే ఏమిటని ఒకడు అడిగితే పాక మీద గడ్డి సర్దమన్నారు. మాయ అంటే ఏమిటని మరొకడు అడిగితే బావిలో పూడిక తీయమన్నారు. అందుకని శిష్యులు పెద్ద ప్రశ్నలన్నీ దాచిపెట్టుకొని, ఆశ్రమంలో పనులు తక్కువగా ఉన్న రోజు చూసుకొని అడిగేవారు.

తిప్పన మాత్రం అలా చూసుకోలేదు. ఆ వేసవిలో అంత ఓపిక ఎవరికీ లేదు.

ఆశ్రమం చిలకలేటికి ఈ ఒడ్డున ఉంది. ఆ ఒడ్డున రాచగిరి కోట. ఆ కోటలోకి పరాయివాడు అడుగుపెట్టి రెండు తరాలు దాటింది. లోపలివాడు బయటికి వచ్చిన దాఖలా అసలే లేదు. అక్కడి ఏలిక నవ్వితే పండుగ, అలిగితే అమావాస్య. ఈ ఒడ్డువాళ్ళతో ఒక్క మంచిమాట మాట్లాడినా నాలుక కోయిస్తామని శాసనం. తిట్టడానికి మాత్రం అడ్డు లేదు. అడ్డు లేకపోవడమేమిటి, అది ఏలికవారి ఆజ్ఞ. ప్రతి సాయంత్రం ఒక మనిషి బురుజెక్కి, నిలువెత్తు ఇత్తడి బూరకు నోరు ఆనించి, ఈ ఒడ్డునంతా పేరుపేరునా కడిగేసేవాడు. ఏళ్ళ తరబడి వినీ వినీ జనానికి అది పొద్దుగూకే వేళ కాకుల గోలలాగా అలవాటైపోయింది.

ఆ వేసవిలో సంగతి మారింది. రాచగిరిలో ఒక మహాఫిరంగి పోతపోశారని, దాని గుండు ఏరు దాటి వచ్చి పడుతుందని వార్త పుట్టింది. రాజధాని నుంచి దళవాయి అహోబలరాజు సైన్యంతో దిగి, ఒడ్డు పొడుగునా గుడారాలు వేయించాడు. ఈ గట్టు మీద ఒక్క గుండు పడినా పడవలెక్కి అవతలి పల్లెలు తగలబెట్టమని ఆయనకు ఉత్తరువు. ఊళ్ళో ఆడవాళ్ళు గిన్నెలు గోనెల్లో కుక్కారు. ముసలివాళ్ళను ఎక్కించుకొని బళ్ళు కొన్ని అప్పుడే కదిలిపోయాయి.

తిప్పన చాటింపు వేసే ఇంటివాడు. వాడు గొంతెత్తితే ఏటి అవతలికి వినిపించేది. ముప్పై ఏళ్ళు అరిచి అరిచి విసుగెత్తి, మౌనం నేర్చుకుందామని గురువుగారి దగ్గరికి వచ్చాడు. పాపం, మౌనం ఇంకా పట్టుబడలేదు. ఆ ఉదయం గురువుగారు ఇసుకలో నడుస్తుంటే వెంటబడి అడిగేశాడు.

"గురువుగారూ, అందరితో సామరస్యంగా మాట్లాడమంటారు. నోరే తప్ప చెవి లేనివాడితో మాట్లాడేదెలా?"

కేదారయ్య గారు ఆగి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని ఏటివైపు చూశారు.

"నాయనా, ఆ నీళ్ళ ఒడ్డున ఏదో నల్లగా పడుంది. చూసిరా."

అది గేదె. నిండు చూలుతో ఉంది. మేత కోసం ఏట్లో దిగి, ప్రవాహానికి కొట్టుకొచ్చి, ఇవతల తేలింది. కొమ్ము మీద రాచగిరి ముద్ర ఉంది.

సైన్యమంతా చుట్టూ మూగింది. ఒకడు కొమ్ములు తట్టి చూశాడు, లోపల ఏమైనా దాచారేమోనని. ఇంకొకడు, ముందు పశువులను తోలి లోతు చూసుకుంటారు, వెనక దండు దిగుతుంది అన్నాడు. దళవాయి మీసం నిమురుకొని, "ఇది శత్రువు సొత్తు. మన చెరలో ఉంటుంది" అని తేల్చి, కాపలా ఎవరని చూశాడు. అందరూ తిప్పన వైపు చూశారు. గురువుగారు ఆకాశం వైపు చూశారు.

తిప్పన గేదెను తాడితోపు నీడకు తోలుకుపోయి కట్టేశాడు. మధ్యాహ్నానికి అది ఈనింది. దూడ చక్కనిది, నుదుట తెల్లచుక్కతో. కానీ గేదె దాన్ని దగ్గరికి రానివ్వలేదు. తన్నింది. గడ్డి ముట్టలేదు, కుడితి తొట్టి కొమ్ముతో దొర్లించింది. తిప్పన పొదుగు దగ్గర కూర్చుంటే వాడినీ తన్నింది. దూడ వణుకుతూ నాలుగుసార్లు లేచి నాలుగుసార్లు పడింది. శత్రువుల గేదె చస్తే చావనీ అనుకుందామని చూశాడు తిప్పన. దూడ వాడి చేతివేలు నోట్లో పెట్టుకొని చప్పరించేసరికి అనుకోలేకపోయాడు.

సాయంత్రమైంది. బురుజు మీద బూర మోగింది. గురువుగారూ తిప్పనా ఇసుకలో కూర్చొని విన్నారు.

"గుంటనక్కల్లారా! గోతికాడ కాచుకున్న దొంగల్లారా! మా ఏలికవారి గేదెను దోచుకుంటారా! సింగారీ అని పిలవందే అది గడ్డి ముట్టదని కూడా తెలియని మొద్దుల్లారా! అది దొరక్కపోతే కాసినవాడి తల కోటగుమ్మానికి వేలాడుతుందని తెలిసీ దాచిన కసాయిల్లారా!"

తిప్పనకు ఒళ్ళు మండిపోయింది. "విన్నారా? అదే కొట్టుకొస్తే మనల్ని దొంగలంటాడు!"

"నాకు సరిగ్గా వినపడలేదు," అన్నారు గురువుగారు. "ఏమన్నాడో మళ్ళీ చెప్పు."

తిప్పన పళ్ళు కొరుకుతూ మొదలుపెట్టాడు. "గుంటనక్కలట. దొంగలట. సింగారీ అని పిలవందే గడ్డి ముట్టదని తెలియని మొద్దులట..."

అక్కడ ఆగిపోయాడు. కాసేపటికి మెల్లగా అన్నాడు, "కాసినవాడి తల అన్నప్పుడు వాడి గొంతు వణికింది."

ఆ మాట నోట్లో ఉండగానే లేచి తోపువైపు పరుగెత్తాడు. "సింగారీ!" అని పిలిచాడు. గేదె చెవులు రిక్కించింది. ఇంకోసారి పిలిస్తే నెమ్మదిగా తల తిప్పి, గడ్డి మోపులోంచి ఒక పరక లాగింది.

కానీ పాలు చేపలేదు, పొదుగులోంచి చుక్క దిగలేదు. దూడను దగ్గరికి రానివ్వనూ లేదు. మర్నాడు తెల్లవారగానే తిప్పన దళవాయి ముందు నిలబడి, అవతలి తిట్లకు జవాబు తాను చెబుతానన్నాడు. దళవాయి పొంగిపోయాడు. మన వైపు కూడా ఒక గట్టి నోరు కావాలని ఆయన ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. గంటలో ఒడ్డున మంచె వేయించాడు. పొద్దున తిట్టే వాడుక ఏనాడూ లేకపోయినా, తిప్పన ఎక్కి మొదలుపెట్టాడు.

"కోటలో నక్కిన కప్పల్లారా! మీ గేదెకు మీ బుద్ధే వచ్చింది! కన్నబిడ్డను తన్నుతుంది! పొదుగు ముడితే చేపదు! ఇదేం పెంపకం, సిగ్గులేని వెధవల్లారా!"

అవతల గోడల మీద తలలు లేచాయి. తర్వాత ఒక మనిషి బూర దగ్గరికి పరుగెత్తి రావడం ఇక్కడికి కనబడింది.

"చవటల్లారా! దూడ ఒంటికి ఉప్పూ తవుడూ రాసి తల్లి ముందు పెడితే నాకుతుందని మీ అమ్మలు చెప్పలేదా! పొదుగుకు గోరువెచ్చని నీళ్ళు కొట్టి, కుడివైపు కూర్చుని, ఏదైనా కూనిరాగం తీయాలని తెలియని గాడిదల్లారా! గాడిదల్లాగా పాడకండి, బెదురుతుంది!"

"అబ్బ, ఏం తిడుతున్నాడు!" అన్నాడు దళవాయి. "నువ్వూ తగ్గకు."

తిప్పన తగ్గలేదు. ఉప్పూ తవుడూ రాశాడు. సింగారి మూతి చాచి వాసన చూసింది, ఒకసారి నాకింది, ఇక ఆపలేదు. తిప్పన కుడివైపు కూర్చొని, చాటింపు గొంతును ఎంత వీలైతే అంత చిన్నది చేసి రాగం తీశాడు. పాలు జర్రున దిగాయి. దూడ తాగి తాగి తోక ఊపుతుంటే, చుట్టూ నిలబడ్డ సైనికుల్లో ఒకడు కళ్ళు తుడుచుకొని, గడ్డి దుమ్ము పడిందన్నాడు.

ఆ సాయంత్రం తిప్పన మంచెక్కి, "మీ గేదె మా గడ్డి బళ్ళకొద్దీ మేస్తోంది, మీ దూడ మా పాకంతా గెంతి పాడుచేస్తోంది, తిండిపోతుల దేశమా!" అని కేకలేశాడు. బురుజు మీది గొంతు ఆ రోజు చాలా సేపు తిట్టింది. అంత సంతోషంగా తిట్టడం ఈ ఒడ్డువాళ్ళు ఎన్నడూ వినలేదు.

ఆ తర్వాత సాయంత్రాలు జనం చాపలు తెచ్చుకొని ఇసుకలో కూర్చోసాగారు. గోనెల్లో కుక్కిన గిన్నెలు ఒక్కొక్కటే పొయ్యి మీదికి ఎక్కాయి. అవతల గోడల మీద కూడా తలలు పెరిగాయి. కోట అధికారులు తమవాడి తిట్ల పదును చూసి మెచ్చుకున్నారు. ఇక్కడ దళవాయి తనవాడికి పాలూ బెల్లమూ ఇప్పించాడు. గొంతుకు మంచిదని.

ఒకనాటి సాయంత్రం బూర మోగిన తీరు వేరుగా ఉంది.

"పిరికిపందల్లారా! రేపు పొద్దున మా ఏలికవారి పుట్టినరోజు! మహాఫిరంగి గర్జిస్తుంది! గుండు మీ తాడితోపులో పడుతుంది! ఉత్త పుట్టినరోజు మోతకే యుద్ధం వచ్చిందని లాగులు తడుపుకుంటారు మీరు! తోపులో పశువులను కట్టే బుద్ధిహీనుల్లారా, విన్నారా! తోపులో!"

తిప్పన మంచె మీంచి దూకినంత పని చేశాడు. నేరుగా దళవాయి గుడారంలోకి వెళ్ళి చెప్పాడు. దళవాయి ముఖం గట్టిపడింది. గుండు పడితే ఏం చేయాలో ఆయనకు ఉత్తరువు ఉంది. అది ఆయన తలకు సంబంధించిన సంగతి.

"వాడన్నది తిట్టా, కబురా?"

"రెండూనండి."

దళవాయి గుడారం తెర తొలగించి తోపువైపు చూశాడు. చివరికి, "తోపు ఖాళీ చేయించు," అన్నాడు.

మర్నాడు సూర్యుడు పైకి వస్తుండగా అవతల పొగ లేచింది. ఆ వెనకే భూమి అదిరింది. గుండు ఏటి మీదుగా ఈలవేసుకుంటూ వచ్చి తోపులో పడింది. సింగారిని కట్టే చోట గొయ్యి పడింది. రెండు తాడిచెట్లు నడుముకు విరిగి కూలాయి. గుడారాల్లోంచి సైనికులు కేకలతో ఉరికారు. పడవలు నీళ్ళలోకి జారాయి, కాగడాలు వెలిగాయి. ఇక దళవాయి చెయ్యెత్తడమే తరువాయి.

తిప్పన ఆయన పక్కనే ఉన్నాడు. తానేమైనా చెప్పాలనుకున్నాడు గానీ, ఏటి అవతలికి వినిపించే గొంతు ఆ క్షణాన గొంతులోనే ఉండిపోయింది.

అహోబలరాజు కూలిన తాళ్ళను చూశాడు. అవతలి పల్లెల్లో పొయ్యిల పొగ చూశాడు. వెనక పాక దగ్గర బెదిరి అరుస్తున్న దూడను చూశాడు.

"ముందే చెప్పి పేల్చినదాన్ని దాడి అనరు," అన్నాడు గట్టిగా. "పుట్టినరోజంటారు. పడవలు వెనక్కి లాగండి."

ఎవడో కిసుక్కున నవ్వాడు. నవ్వు ఒడ్డంతా పాకింది. పెద్దగాలికి రెండు తాళ్ళు పడ్డాయని దళవాయి రాజధానికి కబురు పంపాడు. ఆ రోజు ఆకు కదలలేదు.

సాయంత్రం బురుజు మీది మనిషి మామూలు కంటే ముందే వచ్చాడు. ఏమీ అనకుండా బూర పట్టుకొని నిలబడ్డాడు. తిప్పన మంచెక్కి, "మీ గుండు మా తాళ్ళకు తప్ప ఎవరికీ తగల్లేదు, గురి చూడటం రాని గుడ్డివాళ్ళారా!" అని అరిచాడు. అప్పుడు గాని అవతలి మనిషి బూర మీద తల ఆనించి కూలబడలేదు.

నాలుగు రోజులు గడిచాక ఏరు ఇంకా తగ్గింది. దూడ కాళ్ళు గట్టిపడ్డాయి. "మీ ముష్టి గేదె మాకొద్దు, వచ్చి తోలుకుపోండి!" అని తిప్పన దళవాయి అనుమతితో చాటాడు. భయపడి తిరిగిచ్చేస్తున్నారని కోటలో నగారాలు మోగించారు. విసిగి విదిలించేశామని ఇక్కడ బాకాలు ఊదారు. ఇద్దరూ గెలిచాక ఇబ్బందేముంది?

ఏటి నడుమ ఇసుకతిన్నె మీదికి తిప్పన గేదెనూ దూడనూ నడిపించుకు వెళ్ళాడు. అటునుంచి ఒక బక్కపలచటి మనిషి వచ్చాడు. తల నెరిసింది, చెక్కిళ్ళు లోపలికి పోయాయి. వెనకే బల్లెం పట్టుకొని కాపలావాడు. ఆ మనిషి బూర లేకుండా, మామూలు గొంతుతో, "సింగారీ" అన్నాడు. గేదె నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళి వాడి భుజం మీద మూతి పెట్టింది. వాడు వంగి, దూడ నుదుటి తెల్లచుక్కను వేలితో తాకి చూశాడు.

తర్వాత లేచి తిప్పన కళ్ళలోకి చూశాడు. పెదవులు కదిలాయి. కాపలావాడు ఒక అడుగు ముందుకు వేశాడు.

"దొంగవెధవా," అన్నాడు ఆ మనిషి. కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా రాలుతున్నాయి.

"నువ్వే దొంగవెధవ్వి," అన్నాడు తిప్పన. వాడికి కూడా అంతకన్నా మాట రాలేదు.

తిరిగి ఆశ్రమానికి వచ్చేసరికి కేదారయ్య గారు అరుగు మీద కూర్చొని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. తిప్పన వచ్చి పక్కన చతికిలబడి, తానూ ఒక గుప్పెడు ఒళ్ళోకి తీసుకున్నాడు. చాలాసేపు మాట్లాడకుండా ఒలిచాడు. ఆ ఆశ్రమంలో అంతసేపు వాడు నోరు మెదపకుండా ఉండటం అదే మొదలు.

"గురువుగారూ," అన్నాడు చివరికి దిగులుగా, "వాడి పేరైనా అడగలేకపోయాను."

"దానికేముంది నాయనా," అన్నారు కేదారయ్య గారు, "రేపు సాయంత్రం గట్టిగా తిట్టు. చెబుతాడు."