తీతువు వినకుండా వదిలేసిన సగం పాఠం

ఒకప్పుడు తీతువంత నెమ్మదైన పిట్ట లేదంటే నమ్ముతారా? నిజం. దాని గొంతు పక్కన వాలిన పిట్టకు కూడా వినిపించేది కాదు.

వాగు మధ్య ఇసుక దిబ్బ మీద దానికి ఒక్కగానొక్క పిల్ల. గట్టు మీద బడి. ఒకనాడు తీతువు బడి కిటికీలో వాలింది. లోపల కనకరత్నం టీచరు ఇంగ్లీషు చెబుతోంది.

"నామవాచకానికి ముందు 'ఏ' అన్నా పెట్టాలి, 'ది' అన్నా పెట్టాలర్రా. రెండూ ఒకటి కావు. ఎందుకంటే..."

ఎందుకో తీతువు వినలేదు. నాకు ఇంగ్లీషు వచ్చేసిందోచ్ అనుకుంటూ తుర్రుమంది.

ఆ మధ్యాహ్నమే ఎగువన వాన పడి వాగు పొంగింది. దిబ్బ చుట్టూ నీళ్లు లేస్తున్నాయి. తీతువు ఎగరగలదు గానీ పిల్లను మోయలేదు. బడి పక్కన నెమరేస్తున్న గేదె దగ్గరికి వచ్చి వాలింది.

"గేదె వదినా, దిబ్బ మీదికి వెళ్లి ఏ పిల్లను తీసుకురావా!"

"అదే నేనూ అడిగేది. ఏ పిల్లను?"

"ఇంగ్లీషులే వదినా! పిల్లకు ముందు 'ఏ' పెట్టాలి. నీకేం తెలుసు, త్వరగా వెళ్లు!"

పిల్ల మునిగిపోతుంటే గొప్పలేమిటో! గేదె నీళ్లలో దిగింది. ఈదుకుంటూ వెళ్లి, వీపు మీద పిల్లను ఎక్కించుకుని వచ్చింది.

తీతువు ఎదురెగిరి చూసింది. వీపు మీద కూర్చున్నది ముంగిస పిల్ల! పిట్టపిల్లల్ని కరకర నమిలే ముంగిస పిల్ల!

"ఇదేంటి వదినా! నా పిల్లేది?"

"'ఏ పిల్ల' అన్నావు కదే మరదలా. 'ఏ' అంటే ఏదో ఒకటి. వరదకు కొట్టుకొచ్చి దిబ్బెక్కిన ఈ పిల్ల ముందు దొరికింది, తెచ్చాను. ఆ పిల్లే కావాలంటే 'ది' అనొద్దూ? పదేళ్లుగా ఆ కిటికీ కిందే నెమరేస్తున్నాను, ఆమాత్రం తెలియదా?"

తీతువు గిరుక్కున వెనక్కి తిరిగి చూస్తే దిబ్బ లేదు. అంతా నీళ్లే.

గేదె కూడా హడలిపోయింది. మళ్లీ నీళ్లలోకి దూకి, మునిగి, తేలి, వెతికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

"ఏ కాదు వదినా, ది! ఏ కాదు... ది! ఏ... ది! ఏది! ఏది!" తీతువు గొంతు చించుకుని అరుస్తూ వాగంతా తిరిగింది.

అప్పటినుంచే తీతువు, మనిషి అలికిడైతే చాలు, పైకి లేచి గిరగిరా తిరుగుతూ "ఏది? ఏది?" అని అరుస్తుంది. అపశకునమని పెద్దవాళ్లు దాన్ని తిట్టిపోస్తారు. ఏం శకునం, నా మొహం! అది ఇప్పటికీ పిల్లను వెతుక్కుంటోంది.