దివానుగారి శుభోదయాలు

ఆ రాజ్యంలో ఏనుగులూ ఉండేవి, లాప్‌టాప్‌లూ ఉండేవి. ఏనుగులే కాస్త చురుగ్గా కదిలేవి.

తొలకరి పడింది. విత్తనాల కోసం రైతులు ధాన్యాగారం ముందు మూడు రోజులుగా పడిగాపులు కాస్తున్నారు.

"లాప్‌టాప్ అప్‌డేట్ అయితేగానీ చీటీలు రావు. అప్‌డేట్‌కి లోపల చోటు లేదు" అన్నాడు దివాను భుజంగరావు, మీసం దువ్వుకుంటూ.

వరసలో ముందున్న తిరుపాలమ్మ తొంగిచూసింది. లాప్‌టాప్ నిండా గులాబీలు, ఉదయిస్తున్న సూర్యుళ్లు, "శుభోదయం" అన్న అక్షరాలు. రాజుగారు రోజూ పొద్దున్నే పంపే బొమ్మలు. పదేళ్లవి!

"వీటిని తీసెయ్యకూడదా దొరా?"

"నోర్ముయ్! ప్రభువుల దీవెన చెరిపితే రాజద్రోహం."

"నిజమే దొరా. నిరుడు దసరానాటి దీవెన ఫలించిందా?"

"ఫలించక? ఆ రోజు దివ్యంగా గడిచింది."

"మరి ఇంకా దాచారేం? 'ఈ దివానుకి నా దీవెన ఇంకా ఫలించలేదు కాబోలు, ఎదురుచూస్తున్నాడు' అని రాజుగారు అనుకోరూ?"

భుజంగరావు లాప్‌టాప్‌ను దగ్గరికి లాక్కున్నాడు. పదేళ్ల ఉదయాలనూ తన చేత్తోనే చెరిపేశాడు. సాయంత్రానికల్లా విత్తనాలు బళ్లకెక్కాయి.

మర్నాడు పొద్దున్నే తిరుపాలమ్మ ఖాళీ గోనెలు తిరిగివ్వడానికి వచ్చింది. అప్పుడే రాజుగారి కొత్త శుభోదయం టింగుమంది. భుజంగరావు గబుక్కున దాన్ని చెరపబోయాడు.

"ఆగండి దొరా! ఇంకా పొద్దే ఎక్కలేదు. ఇప్పుడే తీసేస్తే, రాజుగారి దీవెన మీకు అక్కర్లేదన్నట్టు కాదూ?"

ఆ రోజంతా దివానుగారు ఏ పనీ ముట్టలేదు. పొద్దు ఎప్పుడు గూకుతుందా అని కిటికీలోంచి సూర్యుణ్ణే చూస్తూ కూర్చున్నారు.