కాపలా ఎర్రన్న తాటాకు

సముద్రం అవతలి దీవిలో పిల్లలకు చదువు చెప్పడానికి రమ్మని గవరయ్య పంతులుకు కబురొచ్చింది. ఆయన పంతులుగా పనికొస్తాడని రాసి, కోట ముద్ర వేయించిన పత్రం ముందుగా ఓడలో పంపాలట. ఆ ముద్ర అధికారి భూపతిరాజు దగ్గరుంది. ఆయన పత్రం వైపు చూడకుండానే "రేపు రా" అనేవాడు. అలా నలభై రోజులు పంతులు కచేరీ వాకిట్లో, కాపలా ఎర్రన్న పక్కనే కూర్చున్నాడు. ఊరికే కూర్చునే అలవాటు మాత్రం ఆయనకు లేదు.

ఓడ కదిలే రోజున లోపలికి పిలుపొచ్చింది.

"నీకు చదువు చెప్పడం వచ్చని రుజువేది?" అన్నాడు భూపతిరాజు.

"తమ ఎర్రన్నకు రాయడం వచ్చాండీ?"

"వాడికా? గంటం ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలీదు."

పంతులు ఒక తాటాకు అందించాడు. అందులో ఎర్రన్న వంకర అక్షరాలున్నాయి. "సోమవారం అయ్యగారు మధ్యాహ్నం వచ్చారు. భోంచేసి పడుకున్నారు. మంగళవారం రాలేదు. పంతుల్ని రేపు రమ్మనమని ఇంటి నుంచే కబురంపారు."

"ఇదేనండీ రుజువు. తమరికి చాలకపోతే రాజుగారికి చూపిస్తాను," అన్నాడు పంతులు నెమ్మదిగా.

భూపతిరాజు వెంటనే పత్రం మీద ముద్ర వేశాడు. పంతులు గుమ్మం దాటుతుండగానే అధికారి ఆ తాటాకును ముక్కలు ముక్కలుగా విరిచేశాడు.

వాకిట్లోంచి ఎర్రన్న వినయంగా అన్నాడు: "పోతే పోయింది లెండి అయ్యగారూ. నాకిప్పుడు రాయడం వచ్చుగా."