ఒక గంట, రెండు సంఘాలు

ఎవరైనా ప్రశ్న వేస్తే పరంజ్యోతిగారు జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వెతుక్కునేవారు. ఆయన దగ్గర పాదిరీ చదువుకు వచ్చిన కుర్రాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు కనుక ఎండాకాలంలో అనుమానాలు రాకుండా జాగ్రత్తపడేవారు.

తిమోతికి మాత్రం అడగక తప్పలేదు. ఆ రోజు ఆదివారం, అతను కాలవ అవతలి ఊరి గుడిలో మొట్టమొదటిసారి వాక్యం చెప్పాలి. పాదిరీ కావాలన్నది చిన్నప్పటి నుంచీ ఉన్న ఆశ. కానీ ఏడాదిగా సంఘ చరిత్ర చదివి చదివి అతని మనసు విరిగిపోయింది. కుమారుడు తండ్రితో సమానుడా, ఒక మెట్టు తక్కువా అని మహామహా బిషప్పులు సభలు పెట్టుకుని మరీ తిట్టుకున్నారు. ఓడినవాళ్లను దేశాలు పట్టిపోయేలా తరిమారు.

"దేవుడెలాంటివాడో తేల్చుకోలేక ఇన్నేళ్లు కొట్టుకున్నారు కదండీ. వాళ్ల మధ్య ఆయన ఉన్నాడని నాకే నమ్మకం చిక్కడం లేదు. ఎదటివాళ్లకేం చెప్పను? నన్ను ఇంటికి పంపించెయ్యండి అయ్యగారూ" అన్నాడు.

"రైలు సాయంత్రం కదా. ఈలోగా నాతో రా" అని ఆయన చెప్పుల కోసం మంచం కిందకి వంగారు.

ఆ ఊళ్లో సంఘం చీలి రెండు తరాలైంది. తగువు సరిగ్గా అదే. ప్రార్థన తండ్రికే చెయ్యాలని ఒక పెద్ద పట్టుబట్టాడు, యేసయ్యకు చేస్తే కొంపేం మునిగిందని ఆయన బావమరిది ఎదురు తిరిగాడు. పంపకాల్లో గుడి ఒకరికి, గంట ఒకరికి వచ్చాయి. గంటవాళ్లు రోడ్డుకు ఇవతల తాటాకు పాక వేసుకున్నారు. ఇరువైపులా పెళ్లి పిలుపుల్లేవు, చావు పలకరింపుల్లేవు. అయినా పాకలో గంట మోగితే తప్ప గుడిలో పాట ఎత్తుకునేవారు కాదు. ఎవరైనా ఎత్తిపొడిస్తే, "గంట వాళ్లదైతే అయింది, చెవులు మావే కదండీ" అనేవారు గుడివాళ్లు. దారిలో ఇదంతా విన్న తిమోతికి, పుస్తకాల్లో చదివింది చాలదని గురువుగారు కళ్లారా చూపించడానికి తెచ్చినట్టనిపించింది.

గుడిలోకి వెళ్లకుండా పరంజ్యోతిగారు పాక దగ్గరే నిలబడ్డారు. వేళ దాటిపోయింది. గంట తాడు పట్టుకున్న ఏసుపాదం మాత్రం కదల్లేదు. లోపలివాళ్లు విసనకర్రలు విసురుకుంటూ, "కొట్టవయ్యా బాబూ, ఉడికిపోతున్నాం" అని కేకలు పెట్టారు.

"తాడు చిక్కుపడిందర్రా!" అన్నాడతను. తాడు శుభ్రంగానే ఉంది. అతని చూపు కాలవ మీద ఉంది. తాటిపట్టెల వంతెన మీద ఒక ముసలావిడ కర్ర పొడుచుకుంటూ, పట్టె పట్టెకూ ఆగుతూ వస్తోంది. గట్టెక్కింది. పాక వైపు మెడైనా తిప్పకుండా వెళ్లి గుడి మెట్లెక్కింది. అప్పుడు గంట మోగింది.

తిమోతి ఉండబట్టలేక, "ఆవిడ మీ సంఘస్థురాలా?" అని అడిగాడు.

ఏసుపాదానికి ఒళ్లు మండింది. "మా మనిషెందుకవుద్దండీ? సారమ్మ గుడివాళ్ల మనిషి. వాళ్లు నమ్మేది శుద్ధ తప్పండీ, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. కానీ గంట వినపడితే ముసల్ది పరిగెడతది. వంతెన మీద కాలు జారితే దేవుడు నన్నడగడా?" అని తాడు కట్టేసి పాకలోకి పోయాడు.

పాకలో "యేసయ్యా" అన్నారు, గుడిలో "తండ్రీ" అన్నారు. రోడ్డు మధ్య నిలబడిన తిమోతికి రెండూ వినిపించాయి. ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్లు చెమర్చాయి. ఎన్నాళ్లుగానో గుండెల మీదున్న బరువు దిగి ప్రాణం హాయిగా అనిపించింది.

"వాక్యం నేనే చెబుతానండీ" అన్నాడు. గుడి వైపు నాలుగడుగులు వేసి మళ్లీ ఆగాడు. "కానీ అయ్యగారూ, ఇలాంటిది నేను చదివిన చరిత్రలో ఒక్కచోటా లేదేమండీ?"

"పోట్లాడినవాళ్లు రాసుకున్నారు నాయనా" అన్నారు పరంజ్యోతిగారు. "ఆగినవాడి చేతిలో కలమెక్కడుంది, తాడుంది గాని."