బోర్డు కుడి మూల

రెహానా ఎం.టెక్. ప్రాజెక్టు సరిగ్గా గురువుగారి బొమ్మ దగ్గరే ఆగిపోయింది.

ఆ బొమ్మ వాళ్ల క్లాసు బోర్డుకు కుడి మూలన ఉంటుంది. కంప్యూటర్ ఆర్కిటెక్చర్ చెప్పే కృపానందంగారు వయసులో ఉన్నప్పుడు గీసింది. ప్రాసెసర్ ఏ డేటా అడగబోతోందో ముందే ఊహించి, దూరాన ఉన్న మెమరీ నుంచి తెచ్చి, పక్కనే ఉండే క్యాష్ అనే చిన్న మెమరీలో సిద్ధంగా పెట్టే పద్ధతి అది. ఆయనకు పేరు తెచ్చింది అదే. బొమ్మ చుట్టూ ఒక గడి, కింద 'చెరపవద్దు' అని పెద్ద అక్షరాలు. సుద్ద గీతలు వెలిసిపోతే ఏటా కొత్తగా చేరినవాళ్లు వాటి మీదే మళ్లీ దిద్దుతారు. దిద్దమని ఎవరూ చెప్పరు. మానేసే ధైర్యమూ ఎవరూ చెయ్యరు.

రెహానా ఆ పద్ధతిని సిమ్యులేటర్‌లో నడిపి చూసింది. కొన్ని ప్రోగ్రాములు పరుగెత్తాయి. తర్వాత ఏ డేటా కావాలో ముందుగా తెలియని ప్రోగ్రాములు మాత్రం నత్తనడక నడిచాయి. ఊహించి తెచ్చిన అక్కర్లేని డేటా, అవసరమైనదాన్ని క్యాష్‌లోంచి బయటికి నెట్టేస్తోంది. ఎన్నిసార్లు నడిపినా అంతే.

సీనియర్లు హడలిపోయారు. ఆ ప్రోగ్రాములు రిపోర్టులోంచి తీసేసి మిగతావి చూపించమన్నారు. వైవాలో మార్కులు వేసేది ఆయనే, తప్పితే ఏడాది పోతుందని బెదిరించారు, బతిమాలారు కూడా. రెహానాకు ఒళ్లు మండింది. పోతే పోనీ అంది. రిపోర్టు పట్టుకుని తిన్నగా క్లాసుకి వెళ్లింది.

పాఠం అయిపోయి అందరూ వెళ్లిపోయారు. కృపానందంగారు చేతికంటిన సుద్ద దులుపుకుంటున్నారు.

"సార్, మీ బొమ్మ తప్పు," అంది. రిపోర్టు ఆయన చేతికిచ్చింది.

ఆయన నిలబడే రిపోర్టు ఆసాంతం చదివారు. అక్కడక్కడ ఆగి గట్టి ప్రశ్నలే అడిగారు. ఆమె వెనక్కి తగ్గకుండా జవాబు చెప్పింది. ఆయన డస్టర్ తీసి ఆమె చేతిలో పెట్టారు.

రెహానా బోర్డు దగ్గరికి వెళ్లి చెయ్యెత్తింది. అంత పోట్లాటకు సిద్ధపడి వచ్చిన పిల్లకి చెయ్యి కదల్లేదు.

"మీరు గీసింది కదా సార్."

"గీసింది నేనే. చెరపవద్దని రాసింది నేను కాదు."

అప్పుడు తుడిచింది. బొమ్మంతా కాదు. ఊహించి తెచ్చిన డేటా నేరుగా క్యాష్‌లోకి వెళ్లే బాణం ఒక్కటే తుడిచింది. ఆ దారిలో ఒక చిన్న గడి గీసింది. తెచ్చినదాన్ని అక్కడే ఆపి, ప్రాసెసర్ నిజంగా అడిగితేనే లోపలికి పంపాలి. అది ఆమె సొంత ఆలోచన.

ఆయన చివరి బెంచీలో కూర్చుని చాలాసేపు చూశారు. బాగుందన్నారు. రిపోర్టులోంచి ఒక్క ప్రోగ్రాము కూడా తియ్యొద్దన్నారు.

రెహానాకు గర్వంగా అనిపించింది. ఆ ఊపులోనే, కింద వెలిసిపోయిన 'చెరపవద్దు' మీద సుద్దతో దిద్దడం మొదలుపెట్టింది.

"రెహానా," వెనక నుంచి పిలిచారాయన. "డస్టర్ అక్కడే పెట్టి వెళ్లమ్మా. వచ్చే ఏటి పిల్లలకు కావాలి."

ఆమె చేతిలోని సుద్ద వైపు చూసుకుంది. ఆ అక్షరాలను తానే తుడిచేసి, డస్టర్‌ను బోర్డు కింద, అందరికీ అందేచోట పెట్టింది.